పాలరాతి మీద లొరేత

"అయితే కత్తిరించి ఇచ్చెయ్యండి!"

"ఏం కత్తిరించమంటావే? తొమ్మిది అడుగుల బొమ్మ! నడిమధ్యన జానెడు చిల్లి పెట్టి ఆ ముక్క నీ చేతికిస్తే, మిగిలింది, డబ్బు కట్టిన బ్యూనస్ ఐరిస్ ఆసామి ఏం చేసుకుంటాడు, కిటికీకి కట్టుకుంటాడా?"

"అదంతా నాకు తెలీదు ప్రొఫెసర్‌గారూ. మొహం వరకూ నాది."

"నీదెట్లా అయింది? కూర్చున్న ప్రతి పూటకీ కూలి తీసుకున్నారా, లేదా?"

"కూర్చోలేదండీ. నా లొరేత పడుకుంది."

చెక్క అడ్డుగోడకి ఇవతల సెత్తిమియో చేతిలో కుంచె ఆగిపోయింది. అప్పటిదాకా వాడు ఎవరో రోమన్ సేనాధిపతి కాలికి చెప్పు వార్లు వేస్తున్నాడు. అవతల ఇత్తడి గిన్నె ఒకటి దొర్లిన చప్పుడైంది. ప్రొఫెసర్ బ్రుజాతికి గొంతు లేచినప్పుడల్లా మోచెయ్యి కూడా లేస్తుంది, ఏదో ఒకటి కింద పడుతుంది.

"సరే, అది వద్దు," అంది ఆడగొంతు, తగ్గి. "మొదటి రోజు చిన్న బట్ట మీద వేశారు చూడండి, తల ఒక్కటే. కళ్ళు తెరిచి ఉంది. అది ఇప్పించండి. ఇంకేం అడగను."

గిన్నెని ఎత్తి బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అది లేదు."

"ఎక్కడికి పోయింది?"

"గీకేసి దాని మీద రాగి చెంబూ, ఉల్లిపాయలూ వేశాను. ఒక డాక్టరు పట్టుకుపోయాడు. బట్టలు ఊరికే వస్తాయా స్కొలాస్తికా? అందరం చేసేదే. పో, పని చూసుకో. గురువారం పొద్దున్నే పెట్టెలవాళ్ళు వస్తారు. ఈ లోపల నేను చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి."

ఆయన టోపీ తీసుకుని కాఫీకి వెళ్ళిపోయాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు కిందిదాకా వినిపించింది. ఆమె మాత్రం వెళ్ళలేదు.

అది మంగళవారం. రోములో మార్గుట్ట వీధి మొత్తం చిత్రకారుల గదులే. ఆ వీధిలో స్కొలాస్తికని ఎరగనివాడు లేడు. ఆమెది ఆనియెనె నది లోయ మీద కొండకి అతుక్కుని ఉండే అంటికోలి అనే ఊరు. ఆ కొండ మీద గోధుమ సరిగా పండదు, ద్రాక్ష పులుపు. అక్కడ పండేవి మొహాలే. నాలుగు తరాలుగా ఆ ఊరి జనం రోముకి దిగివచ్చి చిత్రకారుల ముందు నిలబడి బతుకుతున్నారు. తెల్లారగానే స్పెయిన్ మెట్ల మీద కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుంటారు. చంటిపిల్లతో ఉన్నావిడ మేరీమాత. ఉంగరాల జుట్టు కుర్రాడు దేవదూత. నాభిదాకా తెల్లగడ్డం ఉన్న ఎజీదియో ముసలాయన ముప్పై ఏళ్ళుగా సాక్షాత్తూ పరలోక ప్రభువు.

"సృష్టంతా చేసినవాణ్ణి," అని గొణుగుతుంటాడాయన. "ఒక్క వెధవా అరచుట్ట ఇవ్వడు."

"ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నావుగా తాతా, ఇంకా చుట్టెందుకు?" అంటుంది పక్కన కూర్చున్న మేరీమాత, పిల్లకి పాలిస్తూనే.

స్కొలాస్తిక పన్నెండో ఏట ఆ మెట్ల మీదికి వచ్చింది. ఇప్పుడు నలభై నాలుగు. చదువు రాదు. కానీ రోము పాత కథల్లో ఆడవాళ్ళు పడ్డ పాట్లన్నీ ఆమెకి ఒళ్ళంతా తెలుసు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. లుక్రేసియా అంటే కుడి భుజం. రాజు కొడుకు చెరిస్తే, తండ్రినీ మొగుణ్ణీ పిలిచి చెప్పి గుండెలో పొడుచుకున్న ఇల్లాలు. చెక్క కత్తి ఎత్తి పట్టుకుని నిలబడితే పావుగంటకల్లా భుజంలో చీమలు పాకుతాయి. సబీన్ పిల్ల అంటే పక్కటెముకలు. పెళ్ళాలు దొరకని మగాళ్ళు పొరుగువాళ్ళని పండక్కి పిలిచి, వచ్చిన ఆడపిల్లల్ని ఎత్తుకుపోయిన కథ అది. ఎత్తుకున్నవాడు అలిసిపోకుండా కింద స్టూలు పెడతారు. పిల్లకి మాత్రం ఏమీ ఉండదు, గాల్లో చేతులు చాచి అరుస్తున్నట్టు నోరు తెరిచి ఉండాలి. తార్పేయా అంటే వెన్నెముక. శత్రువులకి కోట తలుపు తీసిందని వాళ్ళే డాళ్ళు విసిరి చంపిన పిల్ల. డాళ్ళు అట్టవే అయినా ఆరు ఒకేసారి మీద పడితే బరువే. బతికుండగానే గోతిలోకి దించిన పూజారిణి అంటే మోకాళ్ళు.

కథలు ఎవరూ ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? "తల వెనక్కి వాల్చు, నోరు కొంచెం తెరువు, ఆ, అట్లా భయపడు" అంటే చాలు.

సెత్తిమియో సంగతి వేరు. వాడికి కథలన్నీ తెలుసు. రోములోనే పుట్టాడు, తండ్రి కోర్టు గుమాస్తా. లా కాలేజీలో ఏడాదిన్నర చదివి, నాలుగో సెమిస్టరు ఫీజు తాగేసి బయటికొచ్చాడు. బొమ్మలకి చెయ్యి కాస్త వంగుతుంది కాబట్టి బ్రుజాతి దగ్గర చేరాడు. మొహాలు ప్రొఫెసరువి. గుడ్డలు, చెప్పులు, స్తంభాలు, గచ్చు సెత్తిమియోవి. రోమంతా వాడి ముడతల కిందే ఉందని స్నేహితులు ఎగతాళి చేస్తారు. వాడికి ఇరవై నాలుగేళ్ళు. రెండేళ్ళు ఎక్కడా కుదురుగా ఉండనివాడు, ఇక్కడ పద్నాలుగు నెలలు ఉన్నాడు.

ఆమె అడ్డుగోడ దాటి ఇటు వచ్చింది. చేతుల్లో తమ ఊళ్ళోవాళ్ళు కప్పుకునే ముతక శాలువా ఉండలా చుట్టి ఉంది. సెత్తిమియో స్టూలు జరిపాడు.

"విన్నావా?"

"గోడ పల్చన పిన్నీ. మొత్తం విన్నాను."

"ఉల్లిపాయలట."

సెత్తిమియో తను వేస్తున్న చెప్పు వార్ల వైపు చూశాడు. తనే ఆ ఉల్లిపాయల పక్కన గళ్ళ తువ్వాలు వేశాడని చెప్పడం ఎట్లా?

ఆమె కూర్చోలేదు. ఎదురుగా గోడ నిండా ఉన్న ఆ బొమ్మ వైపు తిరిగింది. 'వెర్జీనియా మరణం'. రోమన్ల సంత, వెనక స్తంభాలు, పరిగెత్తుతున్న జనం, ఎత్తు పీట మీద పక్కకి తిరిగిపోయిన న్యాయాధికారి. మధ్యలో గడ్డం మనిషి, చేతిలో నెత్తురు కారే కసాయి కత్తి. వాడి పాదాల దగ్గర పాలరాతి మీద వెల్లకిలా పదహారేళ్ళ పిల్ల. కళ్ళు మూసి ఉన్నాయి. తెల్లటి చొక్కా ఒక భుజం మీంచి జారింది. పాదాలు వట్టివి.

మూడేళ్ళ క్రితం ఆ బొమ్మకి ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అప్పట్నుంచి ఇక్కడే ఉంది. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు రెండడుగులు వెనక్కి వేసి కళ్ళు చికిలించి, "ఆహా, ఎంత అందమైన చావు!" అనేవాళ్ళు. ఒకావిడ చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుని, చట్రం కూడా కలిపే ఇస్తారా అని అడిగింది. సెత్తిమియో వాళ్ళని వెక్కిరించేవాడు. కానీ వాడేం తక్కువ తినలేదు. పద్నాలుగు నెలలు ఆ పిల్ల కిందే కూర్చుని రొట్టె, చిక్కుడు గింజలు తిన్నాడు. చట్రం మూలకి టోపీ తగిలించాడు. ఆ పాదాలు భలే కుదిరాయి అనుకున్నాడు. లేత నీలం రంగు అంత పల్చగా గోళ్ళ దగ్గర ఎట్లా కలిపాడా ప్రొఫెసర్ ముసలాడు అని దగ్గరికెళ్ళి మరీ చూశాడు.

"నువ్వు చదువుకున్నావు కదా," అంది స్కొలాస్తిక. "అసలు ఈ కథేంటి నాయనా?"

"తెలీదా నీకు?"

"ఎవరు చెప్పారు? దుర్మార్గుడెవడో కత్తితో పిల్లని చంపేశాడనుకున్నాను. మా బెరార్దినోకి కనుబొమలు దట్టం కదా, అందుకని ఆయన్ని పెట్టుకున్నారనుకున్నాం. ఇంటికొచ్చి నవ్వుకున్నాం కూడా."

బెరార్దినో ఆమె మొగుడు. బొమ్మలో పడుకున్న లొరేతకి తండ్రి. బొమ్మలో కత్తి పట్టుకున్నది ఆయనే. అంటికోలివాళ్ళని కుటుంబంతో సహా పెట్టుకోవడం మామూలే, పోలికలు కలుస్తాయని. ఈ సంగతి సెత్తిమియోకి ఆ క్షణం దాకా తట్టలేదు.

నసుగుతూ మొదలుపెట్టాడు. వెర్జీనియా అని ఒక సైనికుడి కూతురు. రోముని ఏలే పది మందిలో ఒకడు ఆమె మీద కన్నేశాడు. వాడే న్యాయాధికారి. ఈ పిల్ల పుట్టుకతో నా దాసి అని తన మనిషి చేత కోర్టులో దావా వేయించాడు. తీర్పు చెప్పేది తనే. దాసి అని తేల్చేశాడు.

"కోర్టులో అందరూ ఉన్నారా?"

"ఉన్నారు. ఊరంతా ఉంది."

"పిల్ల ఏమంది?"

సెత్తిమియో గుర్తు చేసుకోవడానికి చూశాడు. కాలేజీలో ఈ కథ చెప్పిన రోజు గది కిక్కిరిసి ఉంది. మేనమామ ఏమన్నాడో, పెళ్ళి కుదిరినవాడు ఏమన్నాడో, న్యాయాధికారి ఏమన్నాడో మాష్టారు గొంతులు మార్చి మరీ చెప్పాడు. పిల్ల ఏమందో మాత్రం లేదు. "ఏమీ అనదు పిన్నీ. కథలో ఆ పిల్లకి మాట లేదు."

"తర్వాత?"

"తర్వాత… ఒకసారి మాట్లాడనివ్వండి అని పక్కకి తీసుకెళ్ళి, కసాయి కొట్టు మీంచి కత్తి లాక్కుని, నిన్ను విడిపించడానికి నాకు ఇంకో దారి లేదు తల్లీ అని పొడిచేశాడు."

"ఎవడు?"

సెత్తిమియో చేతిలోని కుంచెని గుడ్డకి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"తండ్రి."

ఆమె బొమ్మ వైపే చూస్తోంది.

"దాంతో జనం తిరగబడ్డారు, లుక్రేసియా పొడుచుకున్నప్పుడు రాజుని తరిమినట్టే ఆ పది మందినీ తరిమేశారు, చట్టం మళ్ళీ నిలబడింది. అదీ కథ," అని వాడు గబగబా ముగించాడు. ఆ మాట దగ్గరే క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది. సెత్తిమియో కూడా కొట్టాడు, అరచేతులు మండేలా.

"రాజుని తరమడానికి ఆవిడెవరో పొడుచుకోవాలి. వీళ్ళని తరమడానికి ఈ పిల్ల చావాలి," అంది స్కొలాస్తిక. "ఊరంతా ఉంది కదా అక్కడ, ముందే తరమలేకపోయారా?"

బొమ్మలోని గడ్డం మనిషి వైపు చూసి, "ఆయనకి తెలుసు," అంది.

"ఎవరికి?"

"బెరార్దినోకి. ప్రదర్శనకి వెళ్ళొచ్చాడు చూడు, ఎవడో చెప్పుంటాడు. ఆ సాయంత్రమే మంగలి దగ్గరికెళ్ళి గడ్డం గీయించుకున్నాడు. ఇరవై ఏళ్ళ గడ్డం బాబూ. సెయింట్ జోసెఫ్‌కైనా, గొల్లలకైనా, అపోస్తలుడికైనా ఆ గడ్డాన్నే పిలిచేవాళ్ళు. పిచ్చెక్కిందా, ఏం తింటాం అని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఊరెళ్ళిపోయి ఎవరివో మేకలు కాస్తున్నాడు. రోము వైపు మొహం తిప్పి పడుకోడట." ఆమె శాలువా ఉండని ఇంకా గట్టిగా నొక్కింది. "మూడేళ్ళు నాకు చెప్పకుండా ఎట్లా మోశాడో."

"బొమ్మ అది పిన్నీ. ఆయన చేతిలో ఉన్నది చెక్కముక్క."

"అదే చెబుతున్నా. ఆయనది చెక్కే. చంపింది నేను."

సెత్తిమియో ఆ మాటకి అడ్డం పడబోయాడు. ఆమె చెయ్యి చూపించి ఆపింది. ఆ తర్వాత ఆమె చెప్పింది ఎక్కడా ఏడవకుండా చెప్పింది. అంటికోలివాళ్ళు పని గురించి చెప్పేటప్పుడు అట్లాగే చెబుతారు.

కదలకుండా ఉండటం వాళ్ళ విద్య. తల్లి కూతురికి నేర్పుతుంది, రొట్టెపిండి పిసకడం నేర్పినట్టు. గడియారం ఉండదు కాబట్టి జపమాల లెక్క. పది పూసలు తిరిగేదాకా రెప్ప వేయకూడదు, మాల మొత్తం తిరిగితే గానీ ఒళ్ళు కదపకూడదు. దురద పెడితే ఏం చెయ్యాలో, తుమ్ము వస్తే ఏం చెయ్యాలో అన్నిటికీ ఒక ఉపాయం. లొరేత నాలుగేళ్ళప్పుడు దేవదూతగా మొదలుపెట్టింది. తిక్క పిల్ల. పూసలు తిరుగుతుంటే మధ్యలో నవ్వేసేది. ఒకసారి ఒక ఫ్రెంచి చిత్రకారుడి దగ్గర, మేరీమాత ఒళ్ళో బాలయేసుగా ఉన్న చంటివాడి చెవి దగ్గర మ్యావ్ అని పిల్లిలా అరిచి, వాణ్ణి ఏడిపించి, రోజు కూలి పోగొట్టింది. స్కొలాస్తిక ఆ రోజు కొట్టింది. తర్వాత మెల్లిగా దారికి తెచ్చింది. అన్నిటికంటే కష్టమైంది చలి. గచ్చు మీద పడుకోబెడితే చలి కాళ్ళ నుంచి ఎక్కుతుంది. వణికితే గీత చెడుతుంది. దానికీ ఒక ఉపాయం ఉంది, స్కొలాస్తికకి తన తల్లి చెప్పింది. "నాలుక అంగిట్లోకి నొక్కు. కాళ్ళు నీవి కావనుకో. ఎవరివో అక్కడ పెట్టి పోయారనుకో."

అది ఫిబ్రవరి. బ్రుజాతి నిజం పాలరాతి పలక తెప్పించాడు. పొయ్యి వెలుగు పిల్ల ఒంటి మీద ఎర్రగా పడుతోందని దాన్ని తన స్టూలు దగ్గరికి జరిపించుకున్నాడు. ఇరవై రోజుల పని. పద్దెనిమిదో రోజు పొద్దున లొరేత రొట్టె తినలేదు. ఆకలి లేదంది. బడాయిలే అనుకుంది తల్లి. పాలరాయి మీద పడుకుంది. స్కొలాస్తిక మూల కూర్చుని మేజోడు అల్లుతోంది, ఒళ్ళో జపమాల. ఒక మాల తిరిగింది. రెండు తిరిగాయి. పిల్ల వణకలేదు, నవ్వలేదు. మెడ అట్లా వాలిపోయి ఉంది.

"ప్రొఫెసర్‌గారు గంతులేశాడు. ఇవాళ రంగు దొరికింది, ఇవాళ నిజంగా చచ్చిపోయినట్టుంది, కదలనివ్వకు అన్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. మా ఊళ్ళో ఇట్లా పడుకోగలిగేది ఇంకొకతి లేదనుకున్నా. మూడో మాల మధ్యలో అది పెదవులు కదపకుండా, మెల్లిగా, 'అమ్మా, నా కాళ్ళు నావి కావు' అంది."

సెత్తిమియో తల వంచుకున్నాడు.

"నేనేమన్నానో తెలుసా? 'శభాష్' అన్నాను."

వీధిలోంచి బొగ్గులవాడి కేక వినబడి, మెల్లిగా దూరమైంది.

"లేపడానికెళ్ళి పట్టుకుంటే ఒళ్ళు పొయ్యిలా ఉంది. కాళ్ళు మాత్రం ఈ రాయిలా. మూడో రోజుకి అయిపోయింది. ఊపిరితిత్తులన్నారు. ఒకప్పుడు తుమ్ము కూడా ఆపుకోలేనిది బాబూ అది. నేనే నేర్పాను. నేర్పకుండా ఉంటే వణికేది. వణికితే ఎవరో ఒకరు చూసేవాళ్ళు."

నీ తప్పేముంది అనడం తేలిక. ఆ మాట ఆమె మూడేళ్ళుగా ఎంతమంది నోట విందో ఆమె మొహంలోనే ఉంది.

"ఫొటో ఉంది పిన్నీ," అన్నాడు చివరికి. "పతకం వచ్చినప్పుడు బొమ్మకి ఫొటో తీశారు. ప్రొఫెసర్ బల్లలో నాలుగైదు ఉన్నాయి, ఒకటి దొంగిలించి ఇస్తాను. నిజంగా."

"దాంట్లో కూడా చచ్చిపోయే ఉంటుంది కదా," అంది. "అట్లా ఉన్నది నేను చూశాను. మళ్ళీ దేనికి?"

"పోనీ, నేను కొత్తగా వేస్తాను. కళ్ళు తెరిచి. నువ్వు పక్కన కూర్చుని చెబుతూ ఉండు."

"నువ్వు దాన్ని చూశావా?"

"లేదు."

"మరి ఎవరిని వేస్తావు?"

ఆమె బొమ్మ దగ్గరికి వెళ్ళింది. మొహం దాకా చెయ్యి అందదు. అందేది పాదాల దాకానే. వేళ్ళు బట్టకి తగలకుండా, అంగుళం దూరంలో ఆపింది. సెత్తిమియో వెనక నిలబడి అవే పాదాల్ని మళ్ళీ చూశాడు. గోళ్ళ దగ్గర ఆ పల్చటి నీలం. ముసలాడు ఏమీ కలపలేదు. ఉన్నది ఉన్నట్టు వేశాడు, అంతే.

"గురువారం అన్నాడు కదా పెట్టెల్లో పెట్టేది?"

"అవును. బుధవారం మధ్యాహ్నం దాకా నా దగ్గరే ఉంటుంది. అక్కడక్కడ రంగు పెచ్చు లేచింది, సరిచేసి పైన వార్నిష్ పుయ్యమన్నాడు."

"ఆ ఊరు ఎంత దూరం?"

"ఓడ మీద మూడు వారాలు."

"అక్కడ చలా?"

"ఇక్కడ ఎండాకాలమైతే అక్కడ చలికాలమట."

ఆమె చేతిలోని శాలువా ఉండని విప్పింది. విప్పితే చిన్నది, పదహారేళ్ళ పిల్ల వేసుకునేది, అంచున ఎర్ర ఉన్ని. దాన్ని తీసుకెళ్ళి సెత్తిమియో స్టూలు మీద, వెలుతురు పడే చోట, ముడతలు కనబడేలా పరిచింది. ముప్పై ఏళ్ళు చిత్రకారుల మధ్య మెలిగిన మనిషి. గుడ్డ ఎట్లా పరవాలో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"కత్తి తీసెయ్యమని అడగను," అంది. "కళ్ళు తెరిపించడం నీ వల్ల కాదు, నాకు తెలుసు. మొహాలు నీవి కావు. నువ్వు గుడ్డలు వేసేవాడివి కదా నాయనా. పంపేలోపు ఇది కాస్త ఆ కాళ్ళ మీదికి లాగు."